కాకినాడ చేరిన హాల్డేన్

మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మన బడిలో చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు. పుట్టింది ఒక చోట, అక్షరాలు దిద్దింది ఇంకో చోట, ఇప్పుడు ఉంటున్నది వేరే చోట. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా మనకు కొత్త ఊరు, కొత్త స్నేహితులు. మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. అక్క పన్నెండో తరగతి, తమ్ముడు తొమ్మిదో తరగతి. విశాఖపట్నంలో పుట్టి, నాగపూర్‌లో కొంత చదివి, రెండేళ్ళుగా సూరత్‌లోని వడోద్‌లో ఉంటున్నాం. సూరత్ మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళలో తెలంగాణ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు కూడా ఊరు అడిగితే కరీంనగర్ అనో వరంగల్ అనో చెబుతారు. ఎప్పుడూ చూడని ఊరి పేరు!

పోయిన ఏడాది అమెరికాలో ఉన్న మా బాబాయి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నారు. చిన్న గొట్టంలో ఉమ్మి పట్టి పంపితే కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. దాన్ని ఆయన ఇంటి వాట్సాప్ గుంపులో పెట్టారు. తండ్రి వైపు హాప్లోగ్రూప్ ఆర్1ఎ అట, తల్లి వైపు ఎం అట. కింద చుట్టాల జాబితా, ఒక్కొక్కరి పేరు పక్కన ఇన్ని సెంటీమోర్గాన్లు అని ఒక అంకె. అది చూసి మా పెదనాన్నగారు మన వంశం ఈ నేల మీది కాదని, ఎక్కడో ఉత్తరాన పుట్టిందని పెద్ద వ్యాసమే రాసేశారు. ఆ వంశం వై క్రోమోజోము మీద తండ్రి నుంచి కొడుక్కి వస్తుందని కూడా రాశారు. అక్కకు కోపం వచ్చింది. ఆడపిల్లకు వై ఉండదు కదా, మరి తాను ఈ వంశంలోది కాదా అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

నాన్న మాత్రం ఒక మాట చెప్పారు. ఆ సెంటీమోర్గాన్ అనే కొలతను ఏర్పాటు చేసిన మనిషి మన కాకినాడలోనే ఉన్నాడని. మాది కాకినాడ పక్క పల్లె. అక్కడ అలాంటి శాస్త్రవేత్త ఉన్నట్టు మేమెప్పుడూ వినలేదు. వెతికి చదివాం. ఆయన పేరు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన కథ చదువుతుంటే అక్క ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతూ వచ్చింది. అందుకే ఈ ఏడు పత్రికలో ఆయన గురించి రాస్తున్నాం.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి గురించి, విషవాయువుల గురించి పరిశోధించిన గొప్ప శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో కార్మికులు ఏ గాలికి చనిపోతున్నారో తెలుసుకోవడానికి స్వయంగా గనుల్లోకి దిగేవారు. కొడుకును కూడా తీసుకెళ్ళేవారు. ఒకసారి గనిలో గాలి పాడైన చోట పిల్లవాణ్ణి నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికి ఆ పిల్లవాడు తూలి కింద పడ్డాడు. కింద గాలి బాగానే ఉంది, మళ్ళీ ఊపిరి ఆడింది. ఆ గనిలోని మీథేన్ గాలి కంటే తేలిక కాబట్టి పైకి చేరుతుందని ఆయనకు జన్మలో మరిచిపోలేని పాఠం. మన ఇళ్ళలో ఏ నాన్నగారైనా అలా చేస్తే అమ్మ ఊరుకుంటుందా అని మాకు అనిపించింది.

1901లో, ఎనిమిదేళ్ళ వయసులో, తండ్రి ఆయనను ఒక ఉపన్యాసానికి తీసుకెళ్ళారు. మెండెల్ బఠానీ మొక్కల మీద చేసిన పని అంతకు ముందు ఏడాదే మళ్ళీ వెలుగులోకి వచ్చింది. ఉపన్యాసం దాని గురించే. మనం పదో తరగతిలో గీసే ఆ పొడుగు మొక్క, పొట్టి మొక్క పట్టికలు అప్పటికి సరికొత్త విషయం. కొన్నేళ్ళకు చెల్లెలు నయోమి ఇంట్లో గినీ పందులు పెంచడం మొదలుపెట్టింది. అన్న వచ్చి చేరాడు. ఏ రంగు జంటకు ఏ రంగు పిల్లలు పుడుతున్నాయో ఇద్దరూ లెక్క రాసుకునేవారు. తర్వాత ఎలుకలు. ఆ ఎలుకల లెక్కల్లో ఒక వింత కనిపించింది. మెండెల్ చెప్పినట్టు లక్షణాలన్నీ విడివిడిగా పంచబడడం లేదు. రెండు లక్షణాలు ఒకదాన్ని ఒకటి వదలకుండా జంటగా తరం దాటుతున్నాయి. అంటే ఆ రెండు జన్యువులూ ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్నాయన్నమాట. క్షీరదాల్లో ఇలాంటిది చూపించిన మొదటి పని అది. 1915లో అచ్చయింది. రాసినవారు ముగ్గురు: హాల్డేన్, ఆయన స్నేహితుడు స్ప్రంట్, చెల్లెలు నయోమి. పత్రం అచ్చయ్యేసరికి స్ప్రంట్ యుద్ధంలో చనిపోయాడు. నయోమి తర్వాత పెద్ద రచయిత్రి అయ్యింది, నూటొక్క ఏళ్ళు బతికింది. అన్నాచెల్లెళ్ళు కలిసి రాసిన పత్రం కదా, అక్కాతమ్ముళ్ళం మేము రాస్తున్న ఈ వ్యాసానికి కొంచెం ధైర్యం వచ్చింది.

హాల్డేన్ కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడే. ఫ్రాన్సులో పోరాడారు, గాయపడ్డారు. శత్రువు క్లోరిన్ వాయువు వదిలినప్పుడు తండ్రి పిలిస్తే వెళ్ళి, ముసుగులు పనిచేస్తాయో లేదో తన మీదే పరీక్షించుకున్నారు. మెసపొటేమియాలో మళ్ళీ గాయపడినప్పుడు కోలుకోవడానికి భారతదేశానికి పంపించారు. ఈ దేశం మీద ఇష్టం అప్పుడు మొదలైంది. ఇంకో సంగతి తెలుసా? ఆయన కళాశాలలో చదివింది గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్త్వశాస్త్రం. జీవశాస్త్రంలో ఆయనకు డిగ్రీ లేనే లేదు.

1919లో ఆయన రాసిన ఒక గణిత పత్రమే మా బాబాయి వాట్సాప్ సందేశం దాకా వచ్చింది. అదేమిటో కాస్త వివరంగా చెప్పుకుందాం. మనకు 23 జతల క్రోమోజోములు. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. మనం మన పిల్లలకు ఇచ్చేటప్పుడు జతలోని రెండింటినీ కత్తిరించి, అతికించి, కొత్తగా కలిపిన ఒకదాన్ని ఇస్తాం. రెండు జన్యువులు దూరంగా ఉంటే వాటి మధ్య కత్తెర పడే అవకాశం ఎక్కువ. దగ్గరగా ఉంటే తక్కువ. అందుచేత ఎన్నిసార్లు విడిపోయాయో లెక్కపెడితే అవి ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. అమెరికాలో టి.హెచ్. మోర్గాన్ శిష్యులు ఈగల మీద ఈ పని మొదలుపెట్టారు. ఈ దూరాన్ని కొలవడానికి హాల్డేన్ ఒక సూత్రం కనిపెట్టి, కొలతకు మోర్గాన్ పేరు పెట్టారు. అందులో నూరో వంతు సెంటీమోర్గాన్. తరానికి నూటికి ఒకసారి కత్తెర పడేంత దూరం అని స్థూలంగా అనుకోవచ్చు.

ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలు చేసే సంస్థలు ఇద్దరు మనుషుల మధ్య ఒకే పూర్వీకుని నుంచి తెగకుండా వచ్చిన ముక్కలన్నీ ఏరి, వాటి పొడవును ఈ కొలతలోనే కలిపి చెబుతాయి. తల్లికీ బిడ్డకీ మధ్య అది సుమారు 3400. మేనమామ, బాబాయి వంటివారితో అందులో సగం. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలతో అందులోనూ సగం. ఎన్ని ముక్కలు ఎవరి వాటాకు వస్తాయన్నది చీటీలు తీసినట్టే కాబట్టి ఇవి సగటులు మాత్రమే. ఒకే తల్లి పిల్లలు కూడా కాస్త ఎక్కువ తక్కువగా పంచుకుంటారు. ఇక్కడే అక్కకు సగం జవాబు దొరికింది. వై లేకపోయినా నాన్నలో సగం ఆమెలో ఉంది. తమ్ముడిలో ఎంత ఉందో ఇంచుమించు అంతే.

యుద్ధం తర్వాత హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లో, 1923 నుంచి కేంబ్రిడ్జిలో, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశారు. ప్రకృతి ఎంపిక ఎంత వేగంగా జరుగుతుందో గణితంతో చూపించిన ముగ్గురు పెద్దల్లో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, రైట్. మా వ్యాసానికి కావలసిన పని మాత్రం ఆయన రక్తం గడ్డకట్టని జబ్బు, అంటే హీమోఫీలియా మీద చేసినది. ఈ జబ్బు ఉన్న మగపిల్లలు పూర్వం చిన్న వయసులోనే చనిపోయేవారు. అయినా జబ్బు లోకంలో తగ్గిపోలేదు. అంటే పోయిన వాటికి బదులు కొత్తగా తప్పులు పుడుతూ ఉండాలి. ఎంత తరచుగా? 1935లో ఆయన లెక్క వేశారు. సుమారు 50,000 కు ఒకటి. మనిషి జన్యువుల్లో కొత్త మార్పు ఎంత తరచుగా వస్తుందో అంచనా కట్టిన తొలి లెక్కల్లో ఇది ఒకటి. ఆ తప్పులు తల్లుల కంటే తండ్రుల వైపు నుంచే ఎక్కువగా వస్తున్నాయని 1947లో మరో లెక్క చెప్పారు. 1937లో జూలియా బెల్‌తో కలిసి హీమోఫీలియా, రంగులు గుర్తించలేని లోపం రెండూ ఎక్స్ క్రోమోజోము మీద దగ్గరగా ఉన్నాయని కుటుంబాల వంశవృక్షాల నుంచే చూపించారు. డీఎన్‌ఏ ఎలా ఉంటుందో లోకానికి తెలిసింది 1953లో! అప్పటిదాకా చేతిలో ఉన్నవి కాగితం, కలం, ఎవరికి ఎవరు పుట్టారన్న సమాచారం.

హాప్లోగ్రూప్ అంటే ఏమిటో చెప్పడానికి ఈ కొత్త తప్పులే కావాలి. పూర్వం తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు రాసేవారు కదా. ఒక రాయసగాడు ఒక అక్షరం తప్పు రాశాడనుకోండి. ఆ నకలు చూసి రాసినవాళ్ళందరి ప్రతుల్లోనూ అదే తప్పు ఉంటుంది. వాళ్ళలో ఒకడు ఇంకో తప్పు చేస్తే, అతని తర్వాతి ప్రతుల్లో రెండు తప్పులు. తప్పులను చూసి ఏ ప్రతి ఏ ప్రతికి పుట్టిందో పండితులు చెప్పగలరు. మన శరీరంలో రెండు గ్రంథాలు ఇలా కత్తిరింపులు లేకుండా నకలు అవుతూ వస్తాయి. ఒకటి వై క్రోమోజోము. కొద్ది భాగం తప్ప మిగతాదంతా తండ్రి నుంచి కొడుక్కి అలాగే వస్తుంది. రెండోది కణంలోని మైటోకాండ్రియా డీఎన్‌ఏ. 16,569 అక్షరాల చిన్న పుస్తకం, తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది. కొడుకులకూ వస్తుంది, కాని వాళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఒకే పాత తప్పును పంచుకున్నవాళ్ళందరినీ ఒక గుంపుగా చేసి, దానికి ఇంగ్లీషు అక్షరం పేరు పెట్టారు. అదే హాప్లోగ్రూప్. మార్పులు ఎంత తరచుగా వస్తాయో తెలిస్తే ఆ గుంపు మూలపురుషుడో మూలస్త్రీయో ఎన్ని వేల ఏళ్ళ కిందట బతికారో కూడా లెక్క కట్టవచ్చు.

మరి బాబాయి ఫలితంలో మాకు చెందింది ఏది? ఇంట్లో కాగితం మీద గీసి చూశాం. బాబాయి వై తాతయ్యది, కాబట్టి నాన్నకూ అదే, తమ్ముడికీ అదే. ఉమ్మి ఇవ్వకుండానే తమ్ముడి ఫలితం సగం బయటపడిపోయింది! (ఒకరు పరీక్ష చేయించుకుంటే ఇంకొకరి సంగతి కూడా తెలిసిపోతుంది, కాబట్టి ఇంట్లో అందరినీ అడిగి చేయించుకోవడం మర్యాద అని అమ్మ అంది. మాకూ అదే సరి అనిపించింది.) బాబాయి ఎం గుంపు నానమ్మది. అది మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. మాకు వచ్చింది అమ్మమ్మది, ఆమె అమ్మది, ఆమె అమ్మది. ఇంటిపేరు మారుతూ పోవడం వల్ల ఆ వరుసలో మాకు మూడు పేర్ల కంటే తెలియవు. మా ఇద్దరిలో ఆ గీతను ముందుకు తీసుకుపోగలిగేది అక్క ఒక్కతే.

మళ్ళీ హాల్డేన్ దగ్గరకు వస్తాం. ఆయన ఏ ప్రయోగమైనా ముందు తన మీద చేసుకునేవారు. రక్తం ఆమ్లంగా మారితే ఏమవుతుందో చూడడానికి అమ్మోనియం క్లోరైడ్ తాగారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు ఎలా చనిపోయారో తెలుసుకోవడానికి తోటివారితో కలిసి మూసిన ఉక్కు గదిలో కూర్చున్నారు. ఆ ప్రయోగాల్లో ఒకసారి వెన్నుపూస దెబ్బతిని జీవితాంతం బాధపెట్టింది. కార్మికులకు అర్థమయ్యేలా పత్రికలో వందల కొద్దీ సైన్సు వ్యాసాలు రాశారు. ఆయన చాలాకాలం కమ్యూనిస్టు. ఇక్కడ ఒక తప్పు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. సోవియట్ దేశంలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రమే అబద్ధమన్నాడు, వావిలోవ్ వంటి మహా శాస్త్రవేత్త జైల్లో చనిపోయాడు. అయినా హాల్డేన్ చాలా ఏళ్ళు గట్టిగా ఖండించలేదు. అంత లెక్క తెలిసిన మనిషి తన పక్షం అనుకున్నవాళ్ళ విషయంలో లెక్క తప్పారని మా అభిప్రాయం.

1949లో చెప్పిన ఒక ఊహ మాత్రం సూరత్‌లో ఉన్న మనకు బాగా సంబంధించినది. తలసీమియా అనే రక్తవ్యాధి జన్యువు మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఎక్కువగా ఎందుకు ఉంది? ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవాళ్ళకు మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందేమో అన్నారు ఆయన. కొన్నేళ్ళకు సికిల్ సెల్ విషయంలో ఆఫ్రికాలో అది రుజువైంది. దక్షిణ గుజరాత్ గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది, ప్రభుత్వం రక్తపరీక్షలు చేయిస్తోంది. ఆ పరీక్ష వేరు, హాప్లోగ్రూప్ పరీక్ష వేరు. ఆర్1ఎ అనో ఎం అనో అక్షరం తెలిసినంత మాత్రాన ఎవరికి ఏ జబ్బు వస్తుందో తెలియదు.

1957లో హాల్డేన్, ఆయన భార్య హెలెన్ స్పర్వే లండన్ వదిలి కలకత్తా వచ్చేశారు. సూయెజ్ కాలువ మీద బ్రిటన్ దాడి చేయడం నచ్చలేదని అందరికీ చెప్పారు. మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ధోవతి, కుర్తా కట్టారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. మనకు బదిలీ అంటే బెంగ. ఆయన 64 ఏళ్ళ వయసులో తనకు తానే బదిలీ చేసుకున్నారు!

ఇక్కడి కుర్రవాళ్ళకు ఆయన చెప్పింది, ఖరీదైన పరికరాల కోసం కాచుకోవద్దని, చుట్టూ ఉన్నదాన్ని లెక్కపెట్టమని. ఒక శిష్యుడు పారిజాతం పువ్వులకు ఎన్ని రేకులు ఉన్నాయో వేల పూలు లెక్కపెట్టాడు. ఇంకొకరు తీతువు పిట్టల గూళ్ళ దగ్గర కాపలా కాశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు అనే తెలుగు యువకుడు సీతాకోకచిలుకలు ఏ రంగు పూల మీద వాలుతున్నాయో లెక్కపెట్టాడు. తర్వాత ఆయనే మనుషుల చెవులు లెక్కపెట్టాడు.

నవ్వకండి. మన తాతయ్యలను చూడండి, కొందరికి చెవి అంచుల మీద గుబురుగా వెంట్రుకలు ఉంటాయి. ఆడవాళ్ళకు ఉండవు. ఇది వై క్రోమోజోము మీద తండ్రి నుంచి కొడుక్కి వచ్చే లక్షణమని ఇటలీలో ఒకరు 1907లోనే అన్నారు. ద్రోణంరాజు ఆంధ్రలో కుటుంబాల వంశవృక్షాలు సేకరించి 1960లో పత్రం రాశారు. తండ్రికి ఉంటే కొడుకులకు ఉంది, కూతుళ్ళ పిల్లలకు రాలేదు. వై మీది లక్షణంగానే కనిపించింది. హాల్డేన్‌కు ఈ పని చాలా నచ్చింది. అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. మేము కూడా ఒక గైడులో చదివి, ఒక్క మార్కు ప్రశ్నకు అదే రాశాం. అయితే అమెరికాలో కర్ట్ స్టెర్న్ అనే శాస్త్రవేత్త అప్పుడే అనుమానం వెలిబుచ్చారు. ఈ వెంట్రుకలు కొందరికి ముప్ఫై ఏళ్ళకు వస్తాయి, కొందరికి అరవై దాటాక వస్తాయి. ఇప్పుడు లేని కొడుక్కి రేపు రావచ్చు. అలాంటప్పుడు వంశవృక్షం ఒక్కటే చూసి గట్టిగా చెప్పలేం అన్నది ఆయన వాదన. ఆ వాదన అప్పటికి తేలలేదు. తేల్చే సాధనం ఇంకా పుట్టలేదు.

ఆంధ్ర నుంచి ఇంకో లెక్క కూడా హాల్డేన్ కోరుకున్నారు. మేనరికాల లెక్క. యూరప్‌లో మేనమామ మేనకోడలిని పెళ్ళాడడం ఊహించలేరు, మన దగ్గర అది మామూలు సంబంధం. ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి ఆంధ్రలో ఇలాంటి పెళ్ళిళ్ళు ఎన్ని జరుగుతున్నాయో సర్వే చేసి పత్రాలు అచ్చు వేశారు. ఎందుకంత ఆసక్తి? ఒక బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశం, తల్లిదండ్రులు మేనమామ మేనకోడళ్ళయితే ఎనిమిదింట ఒకటి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే పదహారింట ఒకటి. దాగి ఉన్న జబ్బు జన్యువు ఏదైనా ఉంటే అలా బయటపడుతుంది.

మా తాతయ్య, నానమ్మలది మేనరికమే. బాబాయి ఫలితంలో ఒక చిక్కు ఇక్కడి నుంచే వచ్చింది. జాబితాలో ఒకాయనను ఆ సంస్థ చాలా దగ్గరి చుట్టం అని అంచనా వేసింది. తాతయ్యను అడిగితే ఆయన దూరపు చుట్టమని, అయితే మనకు రెండు మూడు వైపుల నుంచి చుట్టమని చెప్పారు. ఒక వరుస నుంచి కొన్ని ముక్కలు, ఇంకో వరుస నుంచి కొన్ని ముక్కలు వచ్చి కలిశాయి. అన్నీ కూడితే సెంటీమోర్గాన్లు ఎక్కువయ్యాయి. మేనరికాలు లేని సమాజాలను చూసి వేసిన అంచనా మన ఇళ్ళకు సరిపోదన్నమాట. అమెరికా సంస్థ యంత్రం కంటే తాతయ్య చెప్పిన వరుసలే నిజానికి దగ్గరగా ఉన్నాయి.

హాల్డేన్ 1961లో కలకత్తా సంస్థను వదిలేశారు. 1962లో ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ఆదరణతో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కువ కాలం గడపలేకపోయారు. 1964 మొదట్లో పెద్దపేగు కాన్సర్‌కు లండన్‌లో ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి మంచం మీద నుంచే తన కాన్సర్ మీద హాస్యంగా ఒక పద్యం రాసి పత్రికలో వేయించారు. జబ్బు అనుమానం వస్తే దాచుకోకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్ళాలన్నది ఆ పద్యం ఉద్దేశం. జబ్బు తిరగబెట్టింది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

తన శరీరం వైద్య విద్యార్థుల చదువుకు ఉపయోగపడాలని ఆయన ముందే రాసిపెట్టారు. శరీరాన్ని తీరం వెంబడి దక్షిణానికి, కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు తెచ్చారు. అప్పటికి ఆ కళాశాల పెట్టి ఆరేళ్ళే. ఆయన అస్థిపంజరం అక్కడే భద్రపరిచారు. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి, కేంబ్రిడ్జి, లండన్, కలకత్తా, భువనేశ్వర్ తిరిగిన మనిషి ఆఖరి మజిలీ మా ఊరి పక్కనే.

ఆయన పోయిన నలభై ఏళ్ళకు చెవి వెంట్రుకల వాదన తేలింది. 2004లో బ్రిటన్‌లోని లీసెస్టర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దక్షిణ భారతదేశానికి చెందిన, చెవి వెంట్రుకలున్న మగవాళ్ళ వై క్రోమోజోములను పరీక్షించిన పత్రం వచ్చింది. ఆ లక్షణం నిజంగా వై మీద పుట్టిన ఒక మార్పు అయితే వాళ్ళంతా ఒకే హాప్లోగ్రూపులోనో, ఒకటి రెండింటిలోనో ఉండాలి. అలా లేరు. వెంట్రుకలు లేనివాళ్ళు ఎన్ని గుంపుల్లో చెదిరి ఉన్నారో వీళ్ళూ అలాగే చెదిరి ఉన్నారు. అంటే ఆ లక్షణం వై మీద లేదు. మగవాళ్ళలో మాత్రమే బయటపడే ఇంకేదో కారణం అయి ఉండాలి. హాల్డేన్, ద్రోణంరాజు పొరబడ్డారు, స్టెర్న్ అనుమానం నిలబడింది. ఆ గైడులు ఇంకా మారలేదు. పోటీ పరీక్షలకు చదివే అన్నయ్యలు, అక్కయ్యలు గమనించగలరు.

పెదనాన్నగారికి మేము రాసిన జవాబులో ఈ కథంతా లేదు, కొన్ని అంకెలే ఉన్నాయి. పది తరాలు వెనక్కి వెళ్తే వంశవృక్షంలో 1024 స్థానాలు ఉంటాయి. మేనరికాల వల్ల కొన్ని స్థానాల్లో ఒకే మనిషి రెండుసార్లు కూర్చుంటాడు, అది వేరే సంగతి. ఆ 1024 లో ఆర్1ఎ అన్న అక్షరం చెప్పేది ఒక్క మనిషి గురించి. ఎం చెప్పేది ఇంకొక్క మనిషి గురించి. మిగిలిన 1022 స్థానాల గురించి రెండు అక్షరాలూ ఏమీ చెప్పవు. ఆర్1ఎ తూర్పు యూరప్‌లో ఉంది, ఉత్తర భారతంలో ఉంది, మన నల్లమల అడవుల్లోని చెంచుల్లోనూ ఉంది. తల్లి వైపు ఎం గుంపు భారతీయుల్లో సగానికి పైగా ఉంది, ఏ కులానికీ ఏ భాషకూ సొంతం కాదు. ఒడిశా, జార్ఖండ్ ముండా జాతివాళ్ళ కథ ఇంకా చిత్రం. వాళ్ళ తండ్రి వైపు గుంపు చాలామందిలో ఆగ్నేయాసియా నుంచి వచ్చినది, తల్లి వైపు గుంపులు ఇక్కడివే. ఒక గీత పట్టుకుంటే పరాయివాళ్ళు, రెండోది పట్టుకుంటే ఇక్కడివాళ్ళు!

హైదరాబాద్ సీసీఎంబీలోని లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లో వెలువరించిన పరిశోధన ఒక గీతను కాదు, మొత్తం డీఎన్‌ఏను చూసింది. ఈనాటి భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పాత జనసమూహాల కలయిక అని తేలింది. 2013లో ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య జరిగిందని లెక్క కట్టారు. ఆ లెక్క కట్టిన పద్ధతి కూడా క్రోమోజోము ముక్కల పొడవును కొలవడమే. తరాలు గడిచేకొద్దీ కత్తెర పడి ముక్కలు చిన్నవవుతాయి, ఎంత చిన్నవైతే అంత పాతవి. కొలత మళ్ళీ సెంటీమోర్గానే.

పెదనాన్నగారు వారం రోజులు ఏమీ అనలేదు. తర్వాత ఫోను చేసి అక్కతో మాట్లాడారు. అమ్మమ్మ వైపు ఆడవాళ్ళ పేర్లు ఎంతవరకు తెలుసో రాసి పంపమన్నారు, తాను నానమ్మ వైపువి కనుక్కుంటానన్నారు. ఇప్పుడు అటు నాలుగు పేర్లు, ఇటు ఐదు పేర్లు దొరికాయి. నాలుగో పేరు మా అమ్మమ్మ చెల్లెలికి మాత్రమే గుర్తుంది. ఆమెకు 81 ఏళ్ళు.

తాతయ్యకు చెవి వెంట్రుకలు ఉన్నాయి. అవి అరవై దాటాక వచ్చాయట. ఆయన నౌకరీ చేసిన రోజుల్లో కాకినాడలో ఆ వైద్య కళాశాల ముందు నుంచే రోజూ సైకిలు మీద వెళ్ళేవారట, లోపల ఎవరున్నారో తెలియకుండా. ఈ వేసవికి సూరత్ నుంచి ఊరు వెళ్ళినప్పుడు ఆయనను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి చూడాలని అనుకున్నాం. అనుమతి అడుగుతూ నాన్న ఉత్తరం రాశారు. జవాబు ఇంకా రాలేదు.